ముందు నీ మతం చెప్పమంటున్నారు

పరిశోధన కోసం మొదటిసారి అరకు లోయకు వెళ్ళినప్పుడు నా చేతిలో పద్నాలుగు పేజీల ప్రశ్నావళి ఉండేది. రెండో పేజీలో తెగ పేరు తర్వాత 'మతం' అని ఒక గడి. మొదటి ఊళ్ళో నలభై ఇళ్ళు తిరిగాను. నలభై గడుల్లోనూ 'హిందూ' అని రాసుకుంటూ పోయాను. ఎవర్నీ అడగలేదు. అడగాలని కూడా తోచలేదు. నా చదువు, నా ఇంటిపేరు, మా ఇంట్లో దేవుడి గది అన్నీ కలిసి నా చేత ఆ మాట రాయించాయి. రెండో ఊళ్ళో చర్చి కనబడింది కాబట్టి అక్కడ 'క్రైస్తవ' అని రాశాను. అక్కడా అడగలేదు.

మొదటి ఊళ్ళో ఒక పోర్జ ముసలమ్మ నా పక్కన కూచుని, ఆ గడిలో ఏం రాస్తున్నానని అడిగింది. చెప్పాను. ఆమె నవ్వి, "మాకు నిశాని దేవతుంది, శంకుదేవుడున్నాడు, సచ్చిపోయిన పెద్దలున్నారు. నువ్వు రాసినోడెవులో మా ఊరికింకా రానేదమ్మా" అంది. నేనూ నవ్వాను. డాక్టరేటు సిద్ధాంత గ్రంథంలో ఆ మాటని ఒక అధోజ్ఞాపికలో పెట్టి నా బాధ్యత తీరిందనుకున్నాను. అది నా నలభయ్యో పడిలో తిరిగొచ్చి నన్ను ఇలా నిలదీస్తుందనుకోలేదు.

ఎందుకంటే ఇప్పుడు ఆ గడి చుట్టూ ఒక రాజకీయం అల్లుకుంది. మతం మారిన ఆదివాసీలను షెడ్యూల్డు తెగల జాబితాలోంచి తీసేయాలంటున్నారు. 'డీలిస్టింగ్' అన్న మాట ఢిల్లీలో పుట్టి పాడేరు టీకొట్ల దాకా వచ్చేసింది. ఈ కోరిక కొత్తదేం కాదు, ఒక్క పార్టీదీ కాదు. 1967లో దీనికోసం లోక్‌సభలో గట్టిగా పట్టుబట్టినవాడు కాంగ్రెసు సభ్యుడు కార్తీక్ ఒరావ్, స్వయంగా ఆదివాసీ. అప్పుడది చట్టం కాలేదు. 2006లో ఏర్పడిన జనజాతి సురక్షా మంచ్ దాన్ని మళ్ళీ తలకెత్తుకుని రాష్ట్ర రాష్ట్రానా ర్యాలీలు తీస్తోంది. వారి వాదన వినడానికి సాఫీగా ఉంటుంది: మతం మారితే సంస్కృతి పోతుంది, సంస్కృతి పోతే తెగ పోతుంది, తెగ పోయాక ఇంకా రిజర్వేషనెందుకు?

చట్టం సంగతి ముందు చూద్దాం. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వులో మతం షరతు ఉంది. మొదట హిందువులకే అన్నారు, 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవ, ముస్లిం దళితులు ఆ గడప అవతలే ఉండిపోయారు. అదే ఏడాది వచ్చిన షెడ్యూల్డు తెగల ఉత్తర్వులో అటువంటి షరతు లేదు. తెగ మతం వల్ల ఏర్పడింది కాదు కాబట్టి లేదు. గుడికీ చర్చికీ ముందునుంచే గదబలు గదబలు, కోదులు కోదులు. 2004లో సుప్రీంకోర్టు కేరళ కేసులో, మతం మారినంత మాత్రాన తెగ పోదని చెప్పింది. పనిలో పనిగా, ఆ మనిషి ఇంకా తెగ ఆచారాల్లో ఉన్నాడా లేదా అన్నది చూడాలనీ అంది. ఈ రెండో మాట దగ్గరికి మళ్ళీ వస్తాను. ఆడవాళ్ళ మెడకు చుట్టుకునేది అదే.

ఇక మతం మారడం అంటే ఏమిటి? నిశాని దేవతను వదిలి ఏసును కొలిస్తే మారినట్టు. మరి ఊళ్ళో రామాలయం కట్టుకుని, ఎద్దు మాంసం మానేసి, కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుని శబరిమల వెళితే? అది మారడం కాదట, సొంత గూటికి చేరడమట. ఒకే ఇంట్లో బాప్తిస్మం తీసుకున్న తల్లి తెగ తప్పింది, మాల వేసుకున్న కొడుకు తెగలోనే ఉన్నాడు. 1952లో జష్‌పూర్‌లో వనవాసీ కళ్యాణ ఆశ్రమం మొదలైనప్పుడే 'ఆదివాసీ' అన్న మాటను పక్కకు నెట్టి 'వనవాసీ'ని తెచ్చారు. ఆదివాసీ అంటే ముందునుంచీ ఉన్నవాడు. వనవాసీ అంటే అడవిలో ఉంటున్నవాడు, అంతే. ముందునుంచీ ఉన్నవాళ్ళకు నేల మీద హక్కుంటుంది. అడవిలో ఉంటున్నవాళ్ళను రేపు బయటికి పొమ్మనొచ్చు.

అందుకే నేను దీన్ని మతం గొడవగా చూడను. ఇది భూమి గొడవ. భూమి గొడవ అయినప్పుడు ముందు నష్టపోయేదెవరో మన పత్రిక పాఠకులకు నేను చెప్పనక్కరలేదు, కానీ ఎలా నష్టపోతుందో మాత్రం లెక్క వేసి చూపిస్తాను.

అరకు మండలంలో ఒక వాల్మీకి స్త్రీ అనుకోండి. ఏజెన్సీలో వాల్మీకులు షెడ్యూల్డు తెగ. వారిలో చాలామంది లూథరన్ మిషను నాటినుంచీ క్రైస్తవులు. 1882లో జర్మనీ నుంచి జయపూరు సంస్థానానికి వచ్చిన ఆ మిషను సాలూరు, పార్వతీపురం దాకా విస్తరించింది. ఈమెకు తండ్రి ఇచ్చిన ఎకరం మెట్టు, కొంత కాఫీ తోట ఉన్నాయి. రేపు ఈమెను జాబితాలోంచి తీసేశారు. 1959 భూబదలాయింపు నిబంధనలకు 1970లో చేసిన సవరణ, మనం 1/70 అని పిలుచుకునే చట్టం, ఒక మాట చెబుతుంది: ఏజెన్సీలో గిరిజనేతరుల స్వాధీనంలో ఉన్న భూమి, కాదని రుజువయ్యేదాకా, గిరిజనుల దగ్గర్నుంచి వచ్చిందనే భావించాలి. మైదానం నుంచి వచ్చిన వడ్డీ వ్యాపారులను, సారా కాంట్రాక్టర్లను పట్టుకోడానికి పెట్టిన నియమమిది. జాబితాలోంచి పేరు పోయిన మర్నాడు ఆ నియమం ఈమె మీదికి తిరుగుతుంది. తన తండ్రి పొలంలో తానే ఆక్రమణదారు కాదని ఈమె రుజువు చేసుకోవాలి. కాగితాలు పెట్టమంటారు. తండ్రి పేరున కాగితం ఉంటేనే గొప్ప, కూతురి పేరున ఎక్కడిది? జాబితాలో మిగిలిన అన్న దగ్గర సెంటు భూమి కూడా ఈమె కొనలేదు. ఈమె సర్పంచి అయితే ఆ పదవీ పోతుంది, పీసా చట్టం ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలో పంచాయతీ అధ్యక్ష పదవులన్నీ తెగలవారివే కాబట్టి. ఈమె మీద ఎవరైనా చెయ్యి చేసుకుంటే అట్రాసిటీ చట్టం వర్తించదు. ఇది ఊహ కాదు. 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవం తీసుకుని పాస్టరుగా ఉన్న ఒక దళితుడు ఆ చట్టం కింద కేసు నడపలేడని తీర్పు చెప్పింది. మైదానంలో దళిత క్రైస్తవులు 75 ఏళ్ళుగా అనుభవిస్తున్నదాన్ని కొండ మీదికి కూడా తెస్తామంటున్నారు.

ఇప్పుడు ఆ రెండో మాట: ఆచారాల్లో ఉన్నారా లేదా చూడాలన్నది. ఎవరి ఆచారాలు చూస్తారు? మగవాడు ప్యాంటు వేసుకుని, సెల్‌ఫోను పట్టుకుని, హిందీ పాటలు వింటూ మోటారు సైకిలు మీద తిరిగినా ఎవరూ అతని తెగను శంకించరు. గదబ స్త్రీ చెవి రింగులు తీసేస్తే 'సంస్కృతి పోయింది' అంటారు. ఆమె థింసా ఆడనంటే 'చర్చి మాన్పించింది' అంటారు. పర్యాటకుల కోసం ఒకే రంగు చీరలు కట్టించి, చలిలో రాత్రి పదింటిదాకా థింసా ఆడిస్తే మాత్రం అది సంస్కృతి పరిరక్షణ! తెగకు గుర్తులన్నీ ఆడదాని ఒంటి మీద, నగ మీద, కట్టు మీద, కాలి అడుగు మీద పెట్టారు. పరీక్ష పెడితే ఆ పరీక్షా ఆమె ఒంటి మీదే జరుగుతుంది.

మతాన్నీ రాజకీయాన్నీ కలపకూడదని మనం సభల్లో తీర్మానాలు చేస్తాం. మైదానంలో, ముఖ్యంగా 1992 తర్వాత, ఆ తీర్మానానికి అర్థం ఉంది. కొండల్లో ఆ మాట అలాగే చెల్లదని మాత్రం నాకు మెల్లగా తెలిసొచ్చింది. ఈ కొండల్లో దేవుడు లేకుండా ఏ తిరుగుబాటూ జరగలేదు. 1900లో విశాఖ ఏజెన్సీ కొర్రవానివలసలో కొర్ర మల్లయ్య అనే కొండదొర, తన పసిబిడ్డ కృష్ణుడి అవతారమని, తెల్లవాళ్ళను తరిమేస్తానని, వెదురు కర్రలు తుపాకులవుతాయని చెప్పాడు. నాలుగైదు వేలమంది చుట్టూ చేరారు. ఇద్దరు కానిస్టేబుళ్ళు హతమయ్యారు. పోలీసు కాల్పుల్లో 11 మంది చనిపోయారు. మల్లయ్య జైల్లో పోయాడు, దేవుడన్న ఆ బిడ్డా బతకలేదు. తెల్లదొరలు దాన్ని మూఢనమ్మకమని రాసుకున్నారు. అడవి, పన్ను, వెట్టి, ముఠాదారు, పోలీసు, వీటి గురించి మాట్లాడడానికి అతని దగ్గర ఉన్న భాష అదొక్కటే. 1922-24లో అల్లూరి సీతారామరాజును మన్యం నమ్మిందీ ముందుగా ఒక సన్యాసిగానే. (ఇప్పుడు ఆయన పేరు ఒక జిల్లాకుంది, ఆయన కాషాయానికి ఒక పార్టీ ఉంది. ఆయన వెంట నడిచిన కోయలూ బగతలూ ఏమయ్యారో అడిగే విగ్రహం ఒక్కటీ లేదు.)

2013లో నియమగిరి మీద జరిగిందీ అదే. సరిహద్దుకు అటు ఒడిశాలో, వేదాంత కంపెనీ బాక్సైటు తవ్వకం గురించి గ్రామసభలే తేల్చాలని, అక్కడి డొంగ్రియా కోదుల దైవారాధన హక్కునూ లెక్కలోకి తీసుకోవాలని ఆ ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. 12 ఊళ్ళలో సభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. నియమరాజు కొండను ఇవ్వమన్నారు. అది మతమా, రాజకీయమా? నాకు విడదీయడం చేతకాదు, విడదీయాలనీ లేదు. మన వైపు 2015లో జెర్రెల బాక్సైటు కోసం జీవో 97 తెచ్చినప్పుడు కొండంతా లేచింది, 2019లో ఆ అనుమతి రద్దయింది. ఆ ఊరేగింపుల్లో శిలువ మెళ్ళో ఉన్న స్త్రీలూ నడిచారు, మోదకొండమ్మకు మొక్కుకున్న స్త్రీలూ నడిచారు. అనంతగిరి మండలం నిమ్మలపాడు గనుల మీద మొదలై 1997లో సమత తీర్పుగా ముగిసిన కేసు కూడా గిరిజనుడు, గిరిజనేతరుడు అన్న గీత మీదే నిలబడింది. ఆ గీత లోపల ఎంతమంది మిగిలితే అంత భూమి మిగులుతుంది. జాబితాను కుదించడం వల్ల లాభపడేవాళ్ళ పేర్లు ఏ గుళ్ళోనూ ఉండవు, గనుల దరఖాస్తుల్లో ఉంటాయి.

కాబట్టి జనం తమ దేవుణ్ణి అడ్డం పెట్టి కొండను నిలబెట్టుకోవడం ఒకటి. పార్టీ తన దేవుణ్ణి అడ్డం పెట్టి జనాన్ని రెండుగా చీల్చడం ఇంకొకటి. రెండోది చివరికి ఎక్కడికి పోతుందో చూడాలంటే ఇవే తూర్పు కనుమల్లో ఉత్తరంగా, కంధమాల్ దాకా వెళితే చాలు. అక్కడ కోదులు షెడ్యూల్డు తెగ. క్రైస్తవులయినా తెగలోనే ఉంటారు. పాణోలు షెడ్యూల్డు కులం. క్రైస్తవులయితే అదీ పోతుంది. వాళ్ళదీ కుయి మాటే కాబట్టి తెగ హోదా ఇమ్మన్నారు. భూమి పోతుందని కోదులు భయపడ్డారు. భూమి తగాదాకు మతం అగ్గిపుల్ల అయింది. 2008 ఆగస్టు 23న స్వామి లక్ష్మణానంద సరస్వతిని చంపారు. తామే చంపామని మావోయిస్టులు ప్రకటించినా, ఆ పగ క్రైస్తవుల ఇళ్ళ మీద తీర్చుకున్నారు. వేల ఇళ్ళు తగలబడ్డాయి, పదుల సంఖ్యలో చనిపోయారు, 50 వేల మందికి పైగా కొంపాగోడూ వదిలి పోయారు. హత్య జరిగిన రెండో రోజున ఒక సన్యాసినిపై సామూహిక అత్యాచారం చేసి వీధిలో నడిపించారు. అరకు లోయలో వాల్మీకులకూ మిగతా తెగలకూ మధ్య అప్పులు, సంత బేరాలు, ఉద్యోగాల గురించిన కినుకలు పాతవే. మాటల దాకానే ఉన్నాయి. వాటి మీద ఎవరు ఏం పోస్తున్నారో మనం కళ్ళు తెరిచి చూడాలి.

ఇంత రాశాక చర్చిని వదిలేస్తే నాది సగం నిజమవుతుంది. స్త్రీలు చర్చికి ఎందుకు వెళుతున్నారో నేను చాలామందిని అడిగాను. ఏసు గురించి చెప్పినవాళ్ళకంటే సారా గురించి చెప్పినవాళ్ళే ఎక్కువ. మొగుడు తాగుడు మానాడు, జబ్బు చేసినప్పుడు కోడినీ మేకనీ బలివ్వడానికి అప్పు చెయ్యక్కరలేదు, ఆదివారం పూట నలుగురు ఆడవాళ్ళతో కలిసి కూచోవచ్చు. ప్రలోభపెట్టి మార్చారనేవాళ్ళు ఈ స్త్రీలకు ఒక బుర్ర ఉందని ఒప్పుకోరు. కానీ అదే చర్చిలో పాస్టరు మగవాడు. పెద్దల సంఘం మగవాళ్ళది. కొట్టే మొగుణ్ణి క్షమించి ప్రార్థన చెయ్యమంటారు. ఊరి పండగకు చందా ఇవ్వొద్దంటారు. ఇటికెల పండగనాడు క్రైస్తవ ఇళ్ళు తలుపులు వేసుకుంటే, పక్కింటి ఆడదానితో నీళ్ళ దగ్గర తగాదా పడేది పాస్టరు కాదు.

సవరల సంగతి నాకు మరీ బాధ కలిగిస్తుంది. ఒడిశా వైపు సవర కొండల్లో చచ్చినవాళ్ళతో మాట్లాడి, బతికున్నవాళ్ళ దుఃఖం తీర్చే గురువులు ఎక్కువగా స్త్రీలే. 1970ల నుంచి అక్కడికి వెళ్ళి వస్తున్న మానవశాస్త్రవేత్త పియర్స్ విటెబ్‌స్కీ ఆ సంప్రదాయం ఒక్క తరంలో ఎలా అంతరించిందో రాశాడు. పిల్లలు బాప్టిస్టులయ్యారు. గురువుల చోట పాస్టర్లు వచ్చారు. అంటే స్త్రీల చోట మగవాళ్ళు వచ్చారు. కొండ మీదికి ఎక్కిన కొత్త గుళ్ళలో కూచున్న పూజారులూ మగవాళ్ళే. ఏ మతం గెలిచినా ఆ గురువమ్మ పీట మాత్రం తిరిగి రాదు.

అలాగని పాత ఆచారాన్ని నెత్తిన పెట్టుకోను. మన పత్రికల్లో ఆదివాసీ స్త్రీ స్వేచ్ఛ గురించి రాసే పాటలాంటి వ్యాసాలు చదివినప్పుడు నాకు విసుగొస్తుంది. అరకు చుట్టుపక్కల పూజారి మగవాడు, దిసారి మగవాడు, కుల పంచాయతీలో కూచునేది మగవాళ్ళు. చిల్లంగి పెట్టిందన్న అనుమానంతో మనుషుల్ని చంపడం ఈ కొండలకు తెలియంది కాదు. భూమి కొడుకులది. హిందూ వారసత్వ చట్టం సెక్షను 2(2) ప్రకారం, కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప, షెడ్యూల్డు తెగలకు వర్తించదు. మిగిలింది ఆచారం. ఆచారం అంటే పెద్దమనుషులు చెప్పింది.

వాటా అడగడానికి కోర్టుకెళ్ళిన ఆదివాసీ స్త్రీని కోర్టులు ఏమడిగాయో గమనించండి. 2000లో ఒక సంథాల్ కేసులో సుప్రీంకోర్టు, ఆ కుటుంబం హిందూ ఆచారాలు పాటిస్తోంది కాబట్టి హిందూ వారసత్వ చట్టం వర్తిస్తుందని చెప్పింది. అంటే వాటా కావాలంటే ముందు హిందువునని రుజువు చేసుకో అన్నట్టేగా! ఒకడు తెగలో ఉండాలంటే మతం చెప్పమంటాడు, ఇంకొకడు పొలం కావాలంటే మతం చెప్పమంటాడు. పాతికేళ్ళ తర్వాత, 2025 జులై 17న, ఛత్తీస్‌గఢ్‌కు చెందిన ఒక గోండు స్త్రీ వారసులు వేసిన కేసులో అదే కోర్టు ఆ దారి వదిలిపెట్టింది. స్త్రీకి వాటా ఇచ్చే ఆచారం ఉందని రుజువు చేయమని కింది కోర్టులు అడిగాయి. సుప్రీంకోర్టు ప్రశ్నను తిప్పేసింది: ఇవ్వకూడదనే ఆచారం ఉందని అవతలివాళ్ళు చూపించారా? చూపించనప్పుడు సమానత్వమే వర్తిస్తుంది, స్త్రీ అయినంత మాత్రాన కాదనడం తగదు అంది. ఆ తీర్పులో మతం అడగలేదు. 2006 అటవీ హక్కుల చట్టం కూడా మతం అడగదు. పెళ్ళయినవాళ్ళయితే పట్టా ఇద్దరి పేరా ఇవ్వమంటుంది. ఆదివాసీ స్త్రీ చేతికి ఆయుధాలంటూ ఉంటే ఇవే. రెండూ ఆమెను 'తెగ స్త్రీ'గా గుర్తించినంత కాలమే పనిచేస్తాయి.

ఇక మన సంగతి. 2007 ఆగస్టు 20న వాకపల్లిలో పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది కోదు స్త్రీలు చెప్పినప్పుడు మనమంతా విశాఖ వీధుల్లోకొచ్చాం. నాకది తొలినాళ్ళ ఉద్యమం. ఆ స్త్రీల మతమేమిటని మనలో ఎవరమూ అడగలేదు. 2023 ఏప్రిల్‌లో నిందితులందరినీ కోర్టు వదిలేసి, దర్యాప్తు సరిగా జరగలేదని చెబుతూ ఆ స్త్రీలకు పరిహారం ఇమ్మన్నప్పుడు మన కన్నీళ్ళకూ మతం లేదు. మరి డీలిస్టింగ్ మీద మన సంఘాలు ఎందుకు నోరు విప్పడం లేదు? ఈ ప్రశ్న ఒక సమావేశంలో అడిగితే ఒక మిత్రురాలు, "అది మతాల గొడవ, మనం దూరితే విదేశీ నిధులని ముద్ర వేస్తారు" అంది. భయం నిజమే. నిధుల లైసెన్సులు పోయిన సంస్థలు మనకు తెలుసు. ఇంకొకామె, "చర్చిని సమర్థించినట్టవుతుందేమో" అంది. వాల్మీకి స్త్రీ పొలం గురించి మాట్లాడితే చర్చిని సమర్థించినట్టెలా అవుతుంది? చర్చిలో ఆమెకు పీట లేదని కూడా మనమే చెప్పాలి కదా. రెండు మాటలూ ఒకే నోటితో చెప్పడం మనకు చేతకాకపోతే ఇన్నేళ్ళు పితృస్వామ్యం గురించి ఏం చదివినట్టు?

నేనడిగేది పెద్ద కార్యక్రమం కాదు. జాబితాకు మతం షరతు వద్దని మన పేరు మీద, స్త్రీల సంఘాల పేరు మీద ఒక తీర్మానం కావాలి. పాడేరు ఐ.టి.డి.ఎ. పరిధిలో ఇప్పటికిచ్చిన అటవీ పట్టాల్లో ఎన్నింట్లో భార్య పేరుందో ఊరూరా లెక్క తీయాలి. ఆ లెక్క తీసేటప్పుడు గుడికెళ్ళే ఆమెనూ చర్చికెళ్ళే ఆమెనూ ఒకే చాప మీద కూచోబెట్టాలి. మూడోది అన్నిటికంటే కష్టమని అనుభవంతో చెబుతున్నాను. కిందటి ఏడు ఒక ఊళ్ళో ప్రయత్నిస్తే రెండు చాపలు వేశారు.

త్వరగా చెయ్యాల్సిన కారణం ఒకటుంది. 2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా జనగణన ప్రకటించారు. బ్రిటిషు కాలంలో ఆదివాసీ మతానికి ఏదో ఒక పేరుతో విడిగా లెక్క ఉండేది. స్వాతంత్ర్యం వచ్చాక కొన్నాళ్ళకు ఆ లెక్కను విడిగా చూపడం మానేశారు. 2011లో 'ఇతర మతాలు' కింద 79 లక్షల మంది తేలితే, వారిలో 50 లక్షలకు దగ్గరగా సర్నా అని రాయించుకున్నవాళ్ళే. విడి గడి కావాలని 2020 నవంబరులో జార్ఖండ్ శాసనసభ తీర్మానం చేసింది. మన రెండు రాష్ట్రాల్లో నిశాని దేవతకు గడి అడిగినవాళ్ళు నాకు తగల్లేదు. లెక్క రాసేవాడు తలుపు దగ్గర నిలబడి ఇంటి పెద్దను అడుగుతాడు. ఇంటి పెద్ద మగవాడు. అతను తనకు తోచింది చెబుతాడు, లేదా నాలాగే రాసేవాడే తనకు తోచింది రాసుకుంటాడు. ఆడది అప్పుడు కాఫీ తోటలో ఉంటుంది, నీళ్ళకు పోయి ఉంటుంది.

ఆ పోర్జ ముసలమ్మ ఇప్పుడు లేదు. ఆమె మనవరాలు ప్రతి ఆదివారం చర్చికి వెళుతుంది, ఇటికెల పండగకు అమ్మమ్మ పేరున ఒక ముద్ద తీసి పక్కన పెడుతుంది. పాస్టరుకు తెలియదు. నా పాత ప్రశ్నావళి గురించి ఆమెకు చెప్పి, ఈసారి మతం గడిలో ఏం రాయమంటావని అడిగాను. ఆమె కాసేపు ఆలోచించి, "అది తరవాత రాద్దువులే అక్కా. ముందు పట్టాలో నా పేరు రాసుందో లేదో సూడు" అని లోపల్నుంచి ప్లాస్టిక్ కవరులో చుట్టిన కాగితం తెచ్చి నా చేతికిచ్చింది.

ఆమె పేరు లేదు.